విమానాన్ని నీళ్ళ తొట్టిలో ముంచిన కథ

ఈ కథ మీరు ఏదో ఒక రీల్‌లో ముప్ఫై సెకన్లలో వినే ఉంటారు. "పాత రోజుల్లో విమానం కిటికీలు నలుచదరంగా ఉండేవి, మూలల దగ్గర పగిలి విమానాలు కూలిపోయాయి, అందుకే ఇప్పుడు గుండ్రంగా పెడుతున్నారు" అని. అందులో కొంత నిజం ఉంది. కానీ అసలు సంగతి అది కాదు.

అసలు సంగతి ఏంటంటే, ఆ విమానాన్ని ఎవరూ పరీక్షించకుండా వదిలేయలేదు. అప్పటి నిబంధనలు అడిగినదానికంటే గట్టిగానే పరీక్షించారు. పాసయింది. పాసయ్యాక, జనాన్ని ఎక్కించుకుని ఆకాశంలోకి వెళ్ళాక, గాల్లోనే ముక్కలైపోయింది. మరి పరీక్ష ఎక్కడ తప్పింది? ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క ప్రశ్న గురించే.

1952 మే 2. లండన్ నుంచి దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌కి ఒక విమానం బయల్దేరింది. పేరు కామెట్. బ్రిటన్‌లోని డి హావిలాండ్ కంపెనీ తయారు చేసింది, బీఓఏసీ అనే బ్రిటిష్ ఎయిర్‌లైన్స్ నడిపింది. టికెట్ కొన్న ప్రయాణికులతో ఎగిరిన మొట్టమొదటి జెట్ విమాన సర్వీసు అదే. రోమ్, బేరూత్, ఖార్టూమ్ ఇలా ఆగుకుంటూ వెళ్ళినా ఒక్క రోజులోపే చేరిపోయింది. సీట్లు 36 మాత్రమే. కానీ అందులో కూర్చున్నవాళ్ళకి అదో కొత్త లోకం. ప్రొపెల్లర్ మోత లేదు, కుదుపులు లేవు. అప్పటి మామూలు విమానాల కంటే దాదాపు రెట్టింపు ఎత్తులో, 40,000 అడుగుల దాకా వెళ్ళేది. ఆ రోజు ఎగిరిన విమానానికి రేడియోలో పిలిచే పేరు యోక్ పీటర్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

40,000 అడుగుల ఎత్తులో గాలి చాలా పల్చగా ఉంటుంది. మనిషి బతకలేడు. అందుకని క్యాబిన్ లోపల గాలిని నింపి ఒత్తిడి పెంచుతారు. కామెట్‌లో లోపలికీ బయటికీ ఒత్తిడి తేడా చదరపు అంగుళానికి 8.25 పౌండ్లు. వినడానికి చిన్న అంకెలా ఉంది కదా? లెక్క కడితే ప్రతి చదరపు మీటరు మీద ఐదున్నర టన్నుల పైమాటే. ఒక ఏనుగు లోపల నుంచి బయటికి తోస్తున్నట్టు అనుకోండి. దాన్ని ఆపుతున్న అల్యూమినియం రేకు మందం ఎంత? సుమారు 0.7 మిల్లీమీటర్లు. బరువు తగ్గాలి, ఆ రోజుల్లో జెట్ ఇంజన్లకి అంత బలం లేదు, అందుకని పల్చటి రేకు.

విమానం ఎక్కిన ప్రతిసారీ బెలూన్‌లా కాస్త ఉబ్బుతుంది. దిగిన ప్రతిసారీ మళ్ళీ మామూలవుతుంది. కంటికి కనపడదు, కానీ జరుగుతుంది.

సరిగ్గా సంవత్సరానికి, 1953 మే 2న, ఒక కామెట్ కలకత్తా డమ్‌డమ్ విమానాశ్రయం నుంచి ఢిల్లీకి బయల్దేరింది. ఎగిరిన కొన్ని నిమిషాలకే పిడుగుల గాలివానలో చిక్కుకుని ముక్కలైంది. 43 మంది చనిపోయారు. విచారణ జరిగింది. తుఫాను గాలి వల్ల విమానం విరిగిందని తేల్చారు. గాలివాన కళ్ళ ముందే ఉంది కాబట్టి ఎవరికీ వేరే అనుమానం రాలేదు.

తర్వాత 1954 జనవరి 10. రోమ్ నుంచి లండన్‌కి వెళ్తున్న కామెట్ ఇటలీ దగ్గర ఎల్బా దీవి పక్కన సముద్రంలో పడిపోయింది. 35 మంది చనిపోయారు. ఆ రోజు తుఫాను లేదు. పైలట్ మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగానే రేడియో ఆగిపోయింది. ఆ విమానం పేరు యోక్ పీటర్. అవును, మొట్టమొదటి జెట్ సర్వీసు నడిపిన అదే విమానం.

కామెట్లన్నీ ఆపేశారు. నిప్పంటుకుందా? ఇంజన్ పేలిందా? కంట్రోల్స్ పనిచేయలేదా? అనుమానం వచ్చిన ప్రతిచోటా మార్పులు చేశారు. శిథిలాలు ఇంకా సముద్రం అడుగునే ఉన్నాయి. అసలు కారణం తెలియదు. అయినా "చేయగలిగిందంతా చేశాం" అని మార్చి 23న మళ్ళీ సర్వీసులు మొదలుపెట్టారు.

పదహారు రోజులు. అంతే. ఏప్రిల్ 8న రోమ్ నుంచి కైరో వెళ్తున్న ఇంకో కామెట్, యోక్ యోక్, నేపుల్స్ దగ్గర సముద్రంలో కూలింది. 21 మంది చనిపోయారు. ఈసారి కామెట్‌కి ఎగిరే అనుమతి పత్రమే రద్దు చేశారు. ప్రధానమంత్రి విన్‌స్టన్ చర్చిల్, ఖర్చు ఎంతైనా మనుషులు ఎంతమంది పట్టినా సరే కారణం కనుక్కోవాల్సిందే అన్నాడు.

ఆ పని లండన్‌కి దగ్గరలోని ఫార్న్‌బరోలో ఉన్న రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్ మీద పడింది. దాని డైరెక్టర్ ఆర్నాల్డ్ హాల్. ఆయన దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి, సముద్రం అడుగున ఉన్న ముక్కల్ని ఏరి తెచ్చి మళ్ళీ విమానంలా పేర్చడం. బ్రిటిష్ నౌకాదళం నీటి అడుగుకి టీవీ కెమెరాలు దింపి మరీ వెతికింది. రెండో దారి కొంచెం విచిత్రమైనది. బతికున్న విమానాన్ని తీసుకొచ్చి, అది చచ్చేదాకా ఎగిరించడం. కానీ నేల మీద.

అలా యోక్ అంకుల్ అనే కామెట్‌ని తీసుకొచ్చారు. దాని చుట్టూ 112 అడుగుల పొడవున్న ఇనుప తొట్టి కట్టారు. రెక్కలు రెండువైపులా తొట్టి బయటికి పొడుచుకొచ్చాయి. తొట్టిని నీళ్ళతో నింపారు, విమానం లోపల కూడా నీళ్ళే. ఇప్పుడు లోపలికి ఇంకొంచెం నీళ్ళు పంపు చేస్తే ఒత్తిడి పెరుగుతుంది, అంటే విమానం పైకి ఎక్కినట్టు. తగ్గిస్తే దిగినట్టు. బయట హైడ్రాలిక్ జాకీలు రెక్కల్ని పైకీ కిందికీ ఊపుతుంటాయి, గాలి కుదుపుల్లాగా. గంటల ప్రయాణాన్ని నిమిషాల్లోకి కుదించి, రాత్రీ పగలూ ఆపకుండా నడిపారు.

గాలి నింపొచ్చు కదా, నీళ్ళెందుకు అని మీకు డౌట్ రావచ్చు. లారీ టైరు పేలడం చూశారా? గాలిని నొక్కిపెడితే అందులో బోలెడు శక్తి దాక్కుంటుంది. రేకు ఒక్కచోట చిరిగితే చాలు, ఆ శక్తంతా ఒక్కసారి బయటపడి బాంబులా పేలుతుంది. విమానం తుక్కుతుక్కవుతుంది. మొదటి పగులు ఎక్కడ వచ్చిందో చెప్పే సాక్ష్యం కూడా దాంతోపాటే పోతుంది. నీళ్ళయితే అలా నొక్కుకుపోవు. పగులు రాగానే ఒత్తిడి టక్కున పడిపోతుంది. పగులు అక్కడే ఆగుతుంది, మనం వెళ్ళి చూసుకోవచ్చు. మీ ఇంట్లో గ్యాస్ సిలిండర్ ఉంది కదా, దాన్ని కూడా కొన్నేళ్ళకోసారి నీళ్ళు నింపి ఒత్తిడి పెట్టే పరీక్షిస్తారు. కారణం ఇదే.

యోక్ అంకుల్ తొట్టిలోకి రాకముందు నిజంగా 1,200 పైచిలుకు సార్లు ఎగిరింది. తొట్టిలో ఇంకో 1,800 పైచిలుకు "ప్రయాణాలు" చేసింది. నెలలు పడుతుందని అనుకున్న పని వారాల్లోనే తేలిపోయింది. 1954 జూన్ 24న ఒత్తిడి మీటర్ ఒక్కసారిగా పడిపోయింది. తొట్టి ఖాళీ చేసి చూస్తే విమానం పక్కభాగం చిరిగిపోయి ఉంది. పగులు మొదలైంది అత్యవసర ద్వారం కోసం రేకులో కోసిన రంధ్రం మూల దగ్గర. తర్వాత సముద్రం నుంచి పైకి తెచ్చిన యోక్ పీటర్ ముక్కల్లోనూ అలాంటిదే కనిపించింది. అక్కడ పగులు మొదలైంది ప్రయాణికుల కిటికీ దగ్గర కాదు. విమానం పైకప్పు మీద రేడియో యాంటెన్నా కోసం పెట్టిన చిన్న కిటికీ మూలలో, ఒక రివెట్ రంధ్రం దగ్గర. రీల్స్‌లో చెప్పని పాయింట్ ఇది. పైగా కామెట్ కిటికీల మూలలు పూర్తిగా కోసుగా కూడా ఉండేవి కావు, కొంచెం వంపు తిరిగే ఉండేవి. ఆ వంపు చాల్లేదు, అంతే.

దీన్నే లోహపు అలసట అంటారు. ఇంగ్లీషులో మెటల్ ఫెటీగ్. మీ ఫోన్ ఛార్జర్ కేబుల్ ఎక్కడ తెగుతుంది? పిన్ను దగ్గర, మెడ దగ్గర. అక్కడే ఎందుకు? రోజూ అక్కడే వంగుతుంది కాబట్టి. ఒక్కసారి గట్టిగా లాగితే తెగదు. కొంచెం కొంచెంగా వెయ్యిసార్లు వంచితే తెగుతుంది. మూల సంగతి కూడా మీకు తెలిసిందే. టెంపర్డ్ గ్లాస్ మీద గీత ఎక్కువగా మూల నుంచే మొదలవుతుంది. రేకులో రంధ్రం చేస్తే, ఆ రంధ్రం మోయాల్సిన బరువు పక్కనున్న లోహం మీద పడుతుంది. మూల ఎంత కోసుగా ఉంటే అంత బరువు ఒక్కచోట పోగవుతుంది. కామెట్ మూలల దగ్గర కొలిచి చూస్తే, ఆ లోహం తెగిపోయే హద్దులో సుమారు 70 శాతం ఒత్తిడి మామూలు ప్రయాణంలోనే ఉందని తేలింది. కంపెనీ లెక్కల్లో అంత ఉంటుందని అనుకోలేదు.

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకి వద్దాం. మరి పరీక్షలో ఎలా పాసయింది?

అలసట గురించి అప్పటికి ఎవరికీ తెలియదని అనుకోకండి. డి హావిలాండ్‌లో ఇంజనీరుగా పనిచేసిన నెవిల్ షూట్ అనే రచయిత 1948లోనే, విమానం తోక లోహపు అలసటతో విరిగిపోవడం గురించి ఒక నవల రాశాడు. డి హావిలాండ్ వాళ్ళూ అలసట పరీక్ష చేశారు. క్యాబిన్ ముక్క ఒకటి తీసుకుని దానికి పదే పదే ఒత్తిడి పెట్టి వదిలారు. అది 16,000 సార్లకు పైగా తట్టుకుంది. ఒక విమానం జీవితకాలంలో అన్నిసార్లు ఎగరనే ఎగరదు. ఇంకేం కావాలి?

కిటుకంతా ఇక్కడుంది. అదే ముక్క మీద ముందు బలం పరీక్ష చేశారు. అంటే మామూలు ఒత్తిడికి రెట్టింపు పెట్టి, పగులుతుందా లేదా అని చూశారు. పగల్లేదు. కానీ ఆ దెబ్బకి మూలల దగ్గర లోహం కొద్దిగా, శాశ్వతంగా సాగింది. ఒత్తిడి తీసేశాక చుట్టూ ఉన్న లోహం ఆ సాగిన భాగాన్ని లోపలికి నొక్కిపట్టుకుంది. ఇక ఆ తర్వాత మామూలు ఒత్తిడి పెట్టినప్పుడల్లా ముందు ఆ నొక్కుడు వదలాలి, ఆ తర్వాతే మూలకి లాగుడు తగలాలి. అంటే ఆ ఒక్క ముక్కకి అనుకోకుండా ఒక కవచం దొరికింది. అందుకే అన్ని వేలసార్లు తట్టుకుంది. జనం ఎక్కిన విమానాలకి అంత ఒత్తిడి ఎప్పుడూ పెట్టలేదు, కాబట్టి వాటికి ఆ కవచం లేదు. యోక్ పీటర్ సుమారు 1,290 ప్రయాణాలకి పోయింది. యోక్ యోక్ 900కే.

క్వశ్చన్ పేపర్ ముందే చూసిన ఒక్క స్టూడెంట్ మార్కులు చూసి, క్లాసంతా పాసని రాసేసినట్టయింది. ఇందులో దొంగతనం లేదు, అబద్ధం లేదు. లార్డ్ కోహెన్ ఆధ్వర్యంలో జరిగిన విచారణ ఎవరినీ దోషిగా నిలబెట్టలేదు. ఖరీదైన టెస్ట్ పీస్ ఒకటుంది కదా, రెండు పరీక్షలకీ అదే వాడదాం అనుకున్నారు. మనం ఎవరైనా అలాగే అనుకునేవాళ్ళం. భయం వేసేది కూడా అందుకే.

ఆ తొట్టి తర్వాత ప్రపంచం మారింది. విచారణలో తేలిందంతా బహిరంగంగా పెట్టారు, పోటీ కంపెనీలు కూడా దాని నుంచి నేర్చుకున్నాయి. మందమైన రేకుతో, మార్చిన కిటికీలతో కామెట్ 4 వచ్చింది. 1958 అక్టోబర్ 4న లండన్, న్యూయార్క్ మధ్య తొలి జెట్ సర్వీసు నడిపింది. అదే నెలలో బోయింగ్ 707 కూడా అట్లాంటిక్ దాటడం మొదలుపెట్టింది, మార్కెట్ దాని చేతికి వెళ్ళిపోయింది. మొదట దారి వేసినవాడు నష్టపోయాడు, వెనక వచ్చినవాడు ఆ దారిలో హాయిగా నడిచాడు.

ఇవాళ పద్ధతి ఎలా ఉందో చూద్దాం. కొత్త విమానం డిజైన్ చేస్తే నేల మీద పరీక్షల కోసమే ఎప్పటికీ ఎగరని విమానాలు తయారు చేస్తారు. ఒకటి బలం పరీక్షకి. ఇంకొకటి, విడిగా, అలసట పరీక్షకి. రెండూ ఒకే ముక్క మీద కలపరు. ఆ "విడిగా" అన్న మాట వెనక ఎంతమంది ప్రాణాలున్నాయో ఇప్పుడు మీకు తెలుసు.

బలం పరీక్షలో రూల్ ఇది. విమానం తన జీవితంలో ఎదుర్కొనే అతి పెద్ద బరువు ఎంతో లెక్క కడతారు. దానికి ఒకటిన్నర రెట్లు పెడితే కనీసం మూడు సెకన్లు నిలబడాలి. 1995 జనవరిలో బోయింగ్ 777 రెక్కల్ని కేబుళ్ళతో పైకి లాగుతూ పోయారు. రెక్క కొస సుమారు 24 అడుగులు పైకి వంగింది. ఆఖరికి 154 శాతం దగ్గర, రెండు రెక్కలూ దాదాపు ఒకేసారి, ఫట్‌మని విరిగాయి. ఆ వీడియో ఇప్పటికీ ఆన్‌లైన్‌లో ఉంది. అక్కడున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. విరిగినందుకు కాదు, లెక్క చెప్పిన చోటికి దగ్గరగా విరిగినందుకు. ఇంకోసారి మీరు ప్రయాణంలో రెక్క ఊగడం చూసి గుండె పట్టుకుంటే ఆ 24 అడుగులు గుర్తు చేసుకోండి. వంగేది మంచి రెక్క.

2006 ఫిబ్రవరిలో ఎయిర్‌బస్ ఏ380 వంతు వచ్చింది. దాని రెక్క 1.45 రెట్ల దగ్గరే విరిగింది. 1.5 కావాలి, మూడు శాతం తక్కువ. "ఆ కాస్తకేముందిలే" అనలేదు. ఎక్కడ విరిగిందో చూసి, విమానానికి 30 కిలోలదాకా బలం చేర్చి, ఆ తర్వాతే ముందుకెళ్ళారు. ఇక అలసట పరీక్షకి ఇంకో ఏ380ని జర్మనీలోని డ్రెస్డెన్‌లో పెట్టి 47,500 ప్రయాణాలు చేయించారు. అది డిజైన్ చేసిన జీవితకాలానికి రెండున్నర రెట్లు. ఎందుకంత ఎక్కువ? అలసటలో ఒకే లోహం, ఒకే డిజైన్ అయినా ముక్కకీ ముక్కకీ ఆయుష్షు తేడాగా ఉంటుంది. ఒక్క ముక్క పాసయిందని నమ్మకూడదని నేర్పింది కామెటే.

మన దేశంలోనూ ఈ శాస్త్రానికి చరిత్ర ఉంది. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్‌కి 1965 నుంచి 1984 దాకా డైరెక్టరుగా ఉన్నది ఎస్.ఆర్. వల్లూరి. ఇంటిపేరు వినగానే మనకి అర్థమైపోతుంది కదా. ఆయన అమెరికాలోని కాల్‌టెక్‌లో పరిశోధన చేసింది సరిగ్గా ఈ లోహపు అలసట మీదే.

అయితే ఇంత చేశాక ఇక భయమే లేదా? ఇంకొక్క సంఘటన చెప్పి ముగిస్తాను.

1988 ఏప్రిల్ 28. హవాయి దీవుల్లో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 ఒకటి 24,000 అడుగుల ఎత్తులో ఉంది. ఉన్నట్టుండి ముందుభాగం పైకప్పు 18 అడుగుల మేర ఎగిరిపోయింది. ప్రయాణికుల తల మీద ఆకాశం. ఒక విమాన సిబ్బంది గాలికి కొట్టుకుపోయి చనిపోయింది. ప్రయాణికులు సీటు బెల్టులు పెట్టుకుని ఉన్నారు. మిగతా 94 మంది బతికారు. పైలట్లు ఆ టాప్ లేని విమానాన్నే మావీ దీవిలో దించారు.

ఆ విమానం వయసు 19 ఏళ్ళు. దీవి నుంచి దీవికి చిన్న చిన్న ట్రిప్పులు, మొత్తం 89,680. 75,000 దాకా అనుకుని చేసిన డిజైన్ అది. ఉప్పు గాలి, తేమ. రేకుల్ని కలిపే జిగురు ఊడింది, బరువంతా రివెట్ల మీద పడింది, రివెట్ల దగ్గర వరసగా సన్నటి పగుళ్ళు వచ్చి ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. ల్యాబ్‌లో పరీక్షించిన ముక్క కొత్తది. దానికి సముద్రపు గాలి తగల్లేదు, వయసు మీద పడలేదు. మళ్ళీ అదే పాఠం. పరీక్ష మనం అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది, అడగనిదానికి చెప్పదు. ఆ తర్వాత పాత విమానాల తనిఖీ రూల్స్ మొత్తం మారాయి.

ఇంకో మాట. ఆ రోజు విమానం ఎక్కుతున్నప్పుడు ఒక ప్రయాణికురాలు తలుపు దగ్గర రేకు మీద పగులు చూసింది. చూసి కూడా ఎవరికీ చెప్పలేదు. ఇది విచారణ నివేదికలో ఉంది. ఆమెని తప్పుపట్టడానికి చెప్పట్లేదు. "ఇంత పెద్ద కంపెనీ, ఇంతమంది ఇంజనీర్లు, వాళ్ళకి తెలియదా, నేనెవర్ని చెప్పడానికి" అని మనలో ఎవరైనా అనుకుంటాం. ఎల్బా దగ్గర యోక్ పీటర్ కూలాక మళ్ళీ సర్వీసులు మొదలుపెట్టినప్పుడు కూడా అందరూ అలాగే అనుకున్నారు.

కాబట్టి విమానంలోనే కాదు, బస్సులో, లిఫ్ట్‌లో, మీ ఊళ్ళో ఉత్సవానికొచ్చిన జెయింట్ వీల్‌లో, ఎక్కడైనా సరే, ఏదైనా తేడాగా కనిపిస్తే నోరు విప్పండి. ఏమీ లేకపోతే మహా అయితే నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఈసారి కిటికీ సీటు దొరికితే ఆ గుండ్రటి మూల మీద ఒకసారి వేలు పెట్టి చూడండి. దాని వెనక ఒక నీళ్ళ తొట్టి ఉంది. మీకు తెలిసిన ఇలాంటి కథలుంటే కింద రాయండి. మళ్ళీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.